పొర వేసేలోపు

మంగళవారం, పగటి కాపలా

గాలి పంకా సరిగ్గానే తిరుగుతోంది. గుంటలో నీళ్లు చీలమండ దాకా ఉన్నాయి, మోటారు వేయాల్సిన పని లేదు. మలుపు దగ్గర బల్బు మళ్లీ మాడింది.

ఈ పుస్తకంలో ఇంతవరకు రాస్తే చాలు. కానీ కాపలా మనిషి నిద్రపోతే, పంకా ఆగినా తెలియక మూడో లెవెల్ అంతా ఊపిరాడక పోతుంది. అందుకని నిద్ర రాకుండా ఏదో ఒకటి రాస్తూ కూర్చోమని మేస్త్రి చెప్పాడు. నా ముందు షిఫ్టు పిల్ల ఖాళీ కాగితాల్లో ముగ్గులు వేస్తుంది. నాకు ముగ్గులు వేసే ఓపిక లేదు. అయిదో తరగతి దాకా చదివాను, అక్షరాలు వచ్చు. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఇవాళ బొంతలు ఎండేసే వంతు మా వరుస ఇళ్లది. తెల్లవారకముందే ఏటవాలు దారి ఎక్కి బాయి మూతి దగ్గరకు మోసుకుపోయాం. పాత బొగ్గుబాయి ఇది. మా తాతలు ఇందులోకి బొగ్గు కోసం దిగేవాళ్లు. మేం ఎండకు తాళలేక దిగాం. పైన అంత ఎండ ఉన్నా ఇక్కడ గోడలు చెమర్చి కారుతుంటాయి, ఏ కాలమైనా బొంత లేనిదే పడుకోలేం. ఆ బొంతలు ఎండకపోతే ముక్కిన వాసన వేస్తాయి. సూర్యుడు గుట్ట దాటేలోపు పరిచి, దులిపి, మడతపెట్టి దిగిపోవాలి. ఆ తర్వాత పైన మనిషి నిలవలేడు.

నీరజ బొంతను కర్రతో కొట్టాను. గట్టిగానే కొట్టాను. దుమ్ము కోసం కొట్టానో ఇంకెందుకు కొట్టానో. పక్క బండ మీద తన బొంత పరుచుకుంటున్న లసుమవ్వ కేకేసింది.

"ఏందే ఓదెమ్మా, బొంతను కొడుతున్నవా, యముణ్ని కొడుతున్నవా? ఆపు, చిరుగుతది."

"దుమ్ము పోతలేదవ్వా."

"వచ్చే అమాసకు పొర ఏసుడే గదా. అప్పటిదాకనన్న దాన్ని మంచిగుండనియ్యి."

లసుమవ్వ మా వరుసలో పెద్దది. పొర వేసే రోజు మొదటి సూది ఆమెదే. వచ్చే అమావాస్యకు నా బిడ్డ నీరజ పోయి ఏడాది నిండుతుంది. ఆ రోజు దాని బొంతకు కింద ఒక బట్ట, మీద ఒక బట్ట పరిచి, ఆడవాళ్లందరం చుట్టూ కూర్చుని కుట్టేస్తాం. ముక్కలన్నీ లోపలికి పోతాయి. ఆ తర్వాత వాటిని చూడటం ఉండదు, కప్పుకోవడమే. పొర వేయకపోతే చెమ్మకు కుళ్లిపోతాయని ఒక మాట. పొర వేయకపోతే బతికినవాళ్లు యాది అద్దాలు కళ్లకు పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుండిపోతారని ఇంకో మాట. రెండూ నిజమే.

మడతపెట్టి దిగేసరికి నా భుజాలు పడిపోయాయి. ఇంక రాయను.

బుధవారం, పగటి కాపలా

గాలి బాగుంది. నీళ్లు చీలమండ పైకి వచ్చాయి. బల్బు ఇంకా వేయలేదు.

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను, లేకపోతే ఈ కుర్చీలో కూర్చోలేను.

మా ఇంటాయన రాజేశం పై క్యాంపులో ఉన్నాడు. రాత్రుళ్లు సోలార్ పలకలు తుడవడం ఆయన పని. అక్కడ గుడారాల కింద తవ్విన గుంటల్లో పగలు పడుకుంటారు. నెలల తరబడి దిగరు. పోయిన ఏడు నీరజ కూడా ఆయనతోపాటే చేసేది. అది పోయిన రోజు తెల్లవారుజామున లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. ముసలివాళ్లను ఏటవాలు దారికి ముందు పంపించి వస్తానంది. వచ్చేసరికి పొద్దు ఎక్కింది. అంతే. దాని గురించి ఇంకేం రాయను.

ఈసారి క్యాంపుకు పోయేటప్పుడు రాజేశం ఒక్కటే మాట అన్నాడు. "అమాస ముందురోజు దిగుత. పొర ఏసే ముందు పసుపు ముక్క ఒక్కపారి సూస్త. ఇగ మళ్ల అడగ."

మా బొంతలో ప్రతి ముక్కకూ ఒక యాది, ఒక జ్ఞాపకం, కట్టి ఉంటుంది. అద్దాలు పెట్టుకుని చూసిందీ విన్నదీ యాదిగా కడతారు. మళ్లీ అద్దాలు పెట్టుకుని ముక్క వైపు చూస్తే ఆ యాది ఎదురుగా లేచి నిలబడుతుంది. చుట్టాలొస్తే ముందు మంచినీళ్లిస్తాం, తర్వాత బొంత పరుస్తాం. మా అమ్మ ఆకుపచ్చ చీర ముక్కలో ఆమె జొన్నరొట్టె కొడుతూ ఉంటుంది. రాజేశం పెళ్లిచొక్కా ముక్కలో మా మరిది బాజావాళ్లతో కొట్లాడుతుంటాడు. చూసిన ప్రతి చుట్టమూ అక్కడ నవ్వుతాడు.

పసుపు ముక్క నీరజ డ్రెస్సుది. అందులో దాని మొహం కనబడదు. అద్దాలు తన కళ్లకే పెట్టుకుని, బొంత కుడుతూ కట్టుకున్న యాది అది. కనబడేది దాని చేతులు, చేతుల్లో ఇదే ముక్క, ఎదురుగా మంచం మీద వాళ్ల బాపు. వినబడేది దాని గొంతు. "బాపూ, జర కాలు తియ్యి, బొంత ఇరుక్కున్నది" అంటుంది. తర్వాత "గురక పెట్టకు బాపూ, కప్పు కూలుతది" అంటుంది. సూది గుచ్చుకుంటే "నీ పాడుగాను" అని నాలాగే తిడుతుంది. నవ్వుతుంది. అయిపోతుంది.

ఇంకెవరైనా అద్దాలు పెట్టుకుని తన వైపు తిరిగితే పారిపోయే పిల్ల అది. అందుకని ఆ గొంతు ఈ ఒక్క ముక్కలోనే ఉంది. నేను చూసినప్పుడల్లా కళ్లు మూసుకునేదాన్ని. గొంతు వింటే నాకు చాలు.

నిన్న ఈ కుర్చీలోనే, రాసిన తర్వాత, చలేసి ఆ బొంత ఒళ్లో వేసుకున్నాను. వేలికి ఏదో తగిలింది. పసుపు ముక్క అంచున దారం తెగి లేచింది. ఎండలో నేను కొట్టిన దెబ్బలకే తెగి ఉంటుంది. నా పుస్తెలతాడుకు పిన్నీసులతోపాటు ఎప్పుడూ ఒక సూది ఉంటుంది, దానికి దారం చుట్టి ఉంటుంది. మనసు ఎక్కడుందో తెలియదు. పంకా చప్పుడు వింటున్నాను. తెగిన దారం పీకేశాను. బయటి చుట్టు కుట్టాను. రెండో చుట్టూ వదులుగా కనబడింది, అదీ పీకి కుట్టాను. మూడోదీ. చిన్నప్పటినుంచీ చేసిన పని, కళ్లు చూడక్కర్లేదు. దారం పళ్లతో కొరికి, అరచేత్తో సాపు చేసి, బాగా వచ్చిందని కూడా అనుకున్నాను.

అప్పుడు తెలిసింది ఏం చేశానో. పోయినవాళ్ల ముక్కను పొర వేసే దాకా సూదితో ముట్టకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఇంటికి పోయి అద్దాలు పెట్టుకుని చూశాను. పసుపు బట్ట. అంతే. ఉత్త పసుపు బట్ట.

గురువారం, పగటి కాపలా

గాలి బాగుంది. నీళ్లు పిక్కల దాకా. మోటారు వేశాను.

నిన్న పని దిగగానే బొంత భుజాన వేసుకుని యాది గదికి పోయాను. అక్కడ స్వరూప ఉంటుంది. లసుమవ్వ మనవరాలు. బళ్లో నీరజ కంటే రెండేళ్లు చిన్నది. యాదులు కట్టడం, కట్టినవి దాచడం దాని పని. బల్ల మీద దీపం దగ్గరకు లాక్కుని ముక్కను చూసింది. చూసి నా మొహం చూసింది.

"అత్తా, ఇది నువ్వు కుట్టినవా?"

"చెయ్యి కుట్టింది బిడ్డా. నేను కుట్టలే."

"మంచిగ కుట్టినవ్ అత్తా. గదే కష్టమొచ్చింది."

"యాది పోయిందా?"

"పోలే. యాది లోపల ఉన్నది. తాళం పోయింది." గోటితో నా కుట్టు మీద రాసింది. "బట్టను చూసి అద్దం తెరువది. కుట్టును చూసి తెరుస్తది. ఒక్కొక్క చేతికి ఒక్కొక్క నడక ఉంటది గదా? మనం వచ్చే సప్పుడు వింటనే ఇంట్ల వాళ్లకు తెలుస్తది సూడు, అట్ల. నీరజక్క కుట్టు నడక తెలిస్తెనే తెరుసుకుంటది. ఇప్పుడు నీ నడక ఉన్నది దీని మీద."

"నువ్వు లోపల్నుంచి తియ్యరాదా?"

"నాకు వస్తే మీ ఇంటి యాదులు ఊరందరికి వస్తయి అత్తా. తాళం వేరే లేదు. అందుకే గదా అందరు నమ్మి కడుతున్నరు."

నేను అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. లేవబుద్ధి కాలేదు. స్వరూప పక్కకు వచ్చి కూర్చుంది.

"ఒక్క పని చెయ్యొచ్చు. నీ కుట్టు పీకెయ్యి. అక్క సూది గుచ్చిన బొక్కలు బట్టకు ఇంకా ఉన్నయి. వాటిల నుంచే, అక్క కుట్టినట్టే కుట్టు. బయటి చుట్టుతోని షురూ. ఒక్కో చుట్టుల కొంచెం కొంచెం యాది ఉంటది. మొదటిది కలిస్తే ముక్క చుట్టూ తెల్ల గీత వస్తది. కలిసిన కాడికి వినబడుతది."

"అది వంకర టింకర కుడుతది బిడ్డా. నేను ఎన్నిసార్లు తిట్టిన."

"నువ్వు గూడ వంకర కుట్టు అత్తా."

నవ్వించాలని అంది. నాకు నవ్వు రాలేదు కానీ దాని తల నిమిరాను.

శనివారం, పగటి కాపలా

గాలి బాగుంది. నీళ్లు పిక్కల దాకా.

నిన్న కాపలా లేదు. పని మొత్తం వదిలేసి బొంతతో కూర్చున్నాను. నా కుట్టు పీకడానికే చాలాసేపు పట్టింది. గట్టిగా కుడతాను నేను.

బాగా కుట్టడం చేతికి వచ్చాక చెడ్డగా కుట్టడం ఎంత కష్టమో ఇప్పుడు తెలిసింది. బొక్కల్లోంచే సూది దించాను. ఒకటి బియ్యపుగింజంత, పక్కది వేలెడు. మధ్యలో ఒకచోట చాలా దూరం బొక్కే లేదు, అక్కడ ఎవరితోనో మాట్లాడి ఉంటుంది. అన్నీ దాని బొక్కలే. నేను ఒక్కటీ కొత్తగా గుచ్చలేదు. చుట్టు పూర్తయ్యాక అద్దాలు పెట్టుకున్నాను. తెల్ల గీత రాలేదు.

పీకాను. మళ్లీ కుట్టాను. వదులుగా కుట్టాను. రాలేదు. బిగించి కుట్టాను. రాలేదు.

లసుమవ్వ చింతపండు అడగడానికి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. పొయ్యి మీద గటక మాడి గది అంతా పొగ. నా చుట్టూ దారపు ముక్కలు.

"ఆర్నెల్ల సంది ఇల్లు ఊడ్వని దానివి, ఇయ్యాల బొంత పట్టుకున్నవా?" అంది. తర్వాత చూసింది ఏ ముక్కో. లోపలికి వచ్చి గిన్నె దించింది. మాడిన గటక గీకి పారేసి, కొత్తగా ఎసరు పెట్టింది. పోతూ పోతూ అంది.

"రాజేశానికి చెప్పినవా?"

"లేదవ్వా."

"చెప్పకు. చెప్పినా ఏం చేస్తడు పాపం, అక్కడ. దిగినంక తెలుస్తది."

ఆ మాటతో నాకు ఇంకా భయం వేసింది. రాజేశం ఏడాదిగా నీరజ పేరు ఎత్తలేదు. ఏడ్వలేదు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ తిన్నాక అద్దాలు పెట్టుకుని ఆ ముక్క ఒక్కసారి చూసేవాడు, చెంబెడు నీళ్లు తాగి పడుకునేవాడు. ఆయన ఏడుపంతా ఆ ఒక్క పనిలో ఉంది. దాన్ని నేను కుట్టేశాను.

సోమవారం, పగటి కాపలా

నీళ్లు మోకాలి దాకా వచ్చాయి. నేను చూసుకోలేదు. మేస్త్రి వచ్చి మోటారు వేశాడు. గాలి గురించి అడిగితే బాగుందని చెప్పాను, నిజంగా చూడలేదు. తర్వాత చూశాను, బాగానే ఉంది.

"ఓదెమ్మక్కా, ముంపు వస్తే ముందు మునిగేది నీ కుర్చే" అన్నాడు మేస్త్రి. మంచివాడే. ఒళ్లో బొంత చూసి వెళ్లిపోయాడు.

నిన్న బొంత మళ్లీ యాది గదికి తీసుకుపోయాను. స్వరూప పెద్ద అద్దం పెట్టి చూసింది.

"బొక్కలు కలిసినయి అత్తా. పొడుగు కలిసింది. నడక కలుస్తలేదు."

"ఎక్కడ తప్పుతున్నదో చెప్పరాదా?"

"అద్దం చెప్పదు. కలిసిందా లేదా, గంతే." పెద్ద అద్దం పక్కన పెట్టి అంది. "అక్క కుట్టేటప్పుడు నువ్వు పక్కన లేవా అత్తా?"

ఉన్నాను. పక్కనే ఉన్నాను. పుట్టగొడుగుల బుట్టలు కడుగుతున్నానో, దీపం తుడుస్తున్నానో. చూడలేదు. ఎప్పుడూ అక్కడే ఉండే పిల్లను ఎవరు చూస్తారు.

కుట్టి పీకి, కుట్టి పీకి ఆ పసుపు బట్ట అంచు దూది లాగా లేస్తోంది. ఇంక ఎక్కువసార్లు పీకితే బొక్కలన్నీ కలిసిపోతాయని స్వరూప చెప్పింది. ఎల్లుండి ఆయన దిగుతాడు.

గురువారం, పగటి కాపలా, అమావాస్య

గాలి పంకా తిరుగుతోంది. నీళ్లు చీలమండ దాకా. మలుపు దగ్గర కొత్త బల్బు వేశారు.

ఇవాళ నా వంతు మేస్త్రి భార్య కూర్చుంటానంది. కానీ పొర పని అయ్యాక నేనే వచ్చి కూర్చున్నాను. జరిగింది రాయాలి. వరుసగా రాస్తాను.

నిన్న రాజేశం దిగాడు. మొహం నల్లగా కమిలి ఉంది. పెదాలు పగిలాయి. చంకలో ఒక బట్టల మూట. పొర కోసం క్యాంపు కొట్లో నీలం బట్ట కొన్నాడట. "మెత్తగున్నది, సూడు" అని నా చేతికిచ్చాడు. కాళ్లు కడుక్కున్నాడు. గటక తిన్నాడు, పచ్చిపులుసు మళ్లీ పోయించుకున్నాడు. ఇంత తిన్నది చూసి చాలా రోజులైంది. తిని మంచం మీద కూర్చుని చెయ్యి చాపాడు.

"తే."

అద్దాలు ఇవ్వలేదు నేను. నిలబడే ఉన్నాను.

"తియ్యరాదే. ఏమైంది?"

చెప్పాను. కర్రతో కొట్టింది, దారం తెగింది, చెయ్యి దానంతటది కుట్టింది. ఎన్నిసార్లు పీకానో, ఎన్నిసార్లు కుట్టానో. అంతా ఒక్క ఊపిరిలో చెప్పి గోడకు ఆనుకున్నాను. కొడతాడనుకోలేదు, ఎప్పుడూ కొట్టలేదు. కానీ లేచి పోతాడనుకున్నాను.

లేచాడు. బయటికి పోయాడు. వరుస చివర నీళ్ల తొట్టి దగ్గర చాలాసేపు నిలబడ్డాడట, లసుమవ్వ తర్వాత చెప్పింది. తిరిగి వచ్చి మంచం మీద కాకుండా కింద, నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఎట్ల కుట్టినవ్? కుట్టి సూపియ్యి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

సూది తీసి, బొంత మోకాలి మీద పరిచి, బయటి చుట్టు మొదలుపెట్టాను. సూది రెండుసార్లు దించానో లేదో ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"గట్ల గాదు."

"బొక్కలు గవే."

"బొక్కలు గవే. చెయ్యి అది గాదు. దానిది పుర్రచెయ్యి గదనే. ఎడమ చేత్తోని కుట్టేది."

అన్నం కుడిచేత్తో తినమని దానికి నేనే నేర్పాను. బళ్లో పంతులు రాయడం కుడిచేత్తో నేర్పాడు. ఆ రెండు పనులు చూసి చూసి మిగతావన్నీ అట్లాగే అనుకున్నాను. సూది దగ్గర ఎవరూ అడ్డం పడలేదు, కాబట్టి సూది దాని ఎడమ చేతిలోనే ఉండిపోయింది. యాదిలో కూడా కళ్ల ముందే ఉంది. నేను కళ్లు మూసుకుని విన్నాను.

"నీకెట్ల తెలుసు?"

"ఏడాది సంది సూస్తున్న గదా. మొహం కనవడదాయె. ఇగ ఏం సూడాలె? చేతులే సూసిన." తన వేలు నిమిరి అన్నాడు. "ఎడమ బొటనవేలి మీద చిన్న మచ్చ ఉంటది దానికి. సోలార్ పలక అంచు కోసుకున్నది. నీకు ఎరుకేనా?"

తెలియదని చెప్పాను.

ఆయనకు కుట్టడం రాదు. కానీ సూది లేకుండా, ఉత్త చేతులతో చూపించాడు. బొంతను కుడిచేత్తో కింద పట్టి పైకి ఎత్తేదట, చేప గాలానికి దొరికినట్టు. సూదిని తన వైపు కాకుండా బయటికి నెట్టేదట. మేం సూదిని కుడి నుంచి ఎడమకు నడిపిస్తే అది ఎడమ నుంచి కుడికి నడిపించేది. ప్రతి కుట్టుకూ చిటికెన వేలు పైకి లేచేదట. పెద్ద మొరటు చేతులతో ఆ మనిషి చిటికెన వేలు లేపి చూపిస్తుంటే నేను తల వంచుకున్నాను.

నా కుట్టు పీకాం. ఆయన దీపం పట్టుకున్నాడు. నేను ఎడమచేత్తో సూది పట్టాను.

చిన్నపిల్ల కొత్తగా నడిచినట్టు ఉంది ఆ చెయ్యి. సూది ఎటు పొమ్మంటే ఇంకోటు పోతుంది. వేలు నొప్పి, మణికట్టు నొప్పి, మెడ నొప్పి. ఒక్కొక్క బొక్క వెతికి వెతికి దించాలి. ఆయన "చిటికెనేలు" అని గుర్తుచేస్తాడు. నేను లేపుతాను. ఒకసారి సూది గోటి కిందికి దిగింది.

"నీ పాడుగాను!"

దీపం కదిలింది. చూస్తే ఆయన భుజాలు ఊగుతున్నాయి. నవ్వుతున్నాడనుకున్నాను. నవ్వు కాదు. ఏడాది తర్వాత. దీపం కింద పెట్టి, తుండుగుడ్డ మొహం మీద వేసుకుని, చప్పుడు లేకుండా. నేను సూది ఆపలేదు. ఆపితే ఆయన కూడా ఆపేస్తాడని అనిపించింది.

ఇవాళ బయట ఆడవాళ్ల మాటలు వినబడే వేళకు ఒక్క చుట్టే పూర్తయింది. మిగతా రెండు చుట్లు ఉత్తగా, దారం లేకుండా ఉన్నాయి. బట్ట ఇంక ఓర్చుకోదు, నా చెయ్యీ ఓర్చుకోదు. లసుమవ్వ సూది దారం పట్టుకుని లోపలికి వచ్చింది. వెనక స్వరూప, ఇంకా మా వరుస ఆడవాళ్లు. మమ్మల్ని చూసి అందరూ గుమ్మం దగ్గరే ఆగారు.

ఆయన అద్దాలు పెట్టుకున్నాడు. ఇంకో జత స్వరూప నా కళ్లకు పెట్టింది. ఈసారి కళ్లు మూసుకోలేదు.

ముక్క చుట్టూ సన్నగా తెల్లటి గీత వచ్చింది. చూశాను. మంచం అంచు. ఒక మోకాలు. పసుపు బట్ట పట్టుకున్న రెండు చేతులు. ఎడమ బొటనవేలి మీద మచ్చ.

"బాపూ."

అంతే. ఆ ఒక్క చుట్టులో ఉన్నది ఆ ఒక్క మాట. గీత ఆరిపోయింది. మళ్లీ పసుపు బట్ట.

స్వరూప ఏడుస్తోంది. నాకు కోపం వచ్చింది, ఇంకో రోజు ఉంటే ఇంకో చుట్టు అయ్యేది కదా అని. లసుమవ్వ వైపు తిరిగాను. "అవ్వా, వచ్చే అమాసకు..."

"వద్దు." రాజేశం అద్దాలు తీసి మడిచాడు. "సాలు. పిలిచింది. పొర ఎయ్యుండ్రి."

పొర వేశాం. కింద నా పాత చీర, మీద ఆయన తెచ్చిన నీలం బట్ట. మొదటి సూది లసుమవ్వది. నన్ను చూసి "నువ్వు కూసో, నీ మొహం సూడు ఎట్లున్నదో" అంది. కూర్చోలేదు. నా మూల నేను కుట్టాను. కుడిచేత్తోనే, నా కుట్టే, గట్టిగా, సాపుగా. చుట్టూ అందరి నడకలూ పడ్డాయి. లసుమవ్వది దూరం దూరం, స్వరూపది తొందర తొందర. పసుపు ముక్క ఎక్కడుందో పైనుంచి చెయ్యి పెట్టి తడిమితే తెలుస్తుంది. దారం లేని చోట కాస్త పల్చగా ఉంటుంది.

ఎడమచెయ్యి వాచింది. పెన్ను కుడిచేతిలో ఉంది కాబట్టి రాయగలుగుతున్నాను.

శుక్రవారం, పగటి కాపలా

గాలి పంకా సరిగ్గానే తిరుగుతోంది. నీళ్లు చీలమండ దాకా. మోటారు వేయాల్సిన పని లేదు.

ఇవాళ రాయడానికి పెద్దగా ఏం లేదు. రాజేశం రేపు మళ్లీ పైకి ఎక్కుతాడు. నిన్న నేను కాపలా దిగి ఇంటికి పోయేసరికి బొంత కప్పుకుని పడుకుని ఉన్నాడు. పొర పడ్డాక బొంత బరువైంది. పక్కన చేరి నేనూ కప్పుకున్నాను. ఎన్నో రోజుల అలసట, కళ్లు మూతలు పడుతున్నాయి, ఆయన మాత్రం బండలు దొర్లినట్టు గురక. పక్కగది వాళ్లు గోడ కొట్టారు.

"గురక పెట్టకు. కప్పు కూలుతది" అన్నాను. అనేదాకా నాకు తెలియదు అంటున్నానని.

గురక ఆగింది. ఆయన కళ్లు తెరవలేదు. నిద్రలోనే పక్కకు ఒత్తిగిలాడు.

"సరే బిడ్డా" అన్నాడు.

బొంత ఆయన భుజం దాకా లాగాను.